పది నంబరు పద్దు: చెరువు గట్టు మీద ఫ్లై-హాఫ్ లెక్కలు

జనవరి 28, 2025

పెద్ద చెరువులో రొయ్యకి ఇవాళ్టికి 71 రోజులు. చిన్న చెరువు పట్టుబడి అయిపోయింది, నీళ్ళు తోడేసి ఎండగట్టాం. మేత కంపెనీ వాళ్ళిచ్చిన పుస్తకంలో ముందు పేజీలు మేతకీ డీవోకీ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌కీ. వెనక నుంచి తిప్పితే వచ్చే పేజీలు ఇవాళ్టి నుంచి రగ్బీకి.

దీనికంతటికీ కారణం మా టూలూజ్ అన్నయ్య. యానాం పెద్దమ్మ కొడుకు. 1962లో యానాం చట్టప్రకారం మన దేశంలో కలిసినప్పుడు వాళ్ళ తాతగారు ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకున్నారు. ఆ కాయితాల పుణ్యమా అని అన్నయ్య ఇరవయ్యేళ్ళ కిందట ఫ్రాన్స్‌లోని టూలూజ్ వెళ్ళి స్థిరపడ్డాడు. రగ్బీ పిచ్చి పట్టింది. సంక్రాంతికి వచ్చినప్పుడల్లా ఆ పిచ్చి కాస్త నాకూ అంటించి పోతాడు. మొన్న కనుమ నాడు గారెలు తింటుండగా మొదలైంది గొడవ: ఫ్రాన్స్ జట్టులో 10 నంబరు చొక్కా ఎవరికివ్వాలి? రొమా ఎన్‌తమాక్‌కా, మాథ్యూ జలిబేర్‌కా?

"టూలూజ్‌లో ఉంటూ ఎన్‌తమాక్ కాదంటే నన్ను ఊళ్ళోకి రానివ్వర్రా" అన్నాడు. ఎన్‌తమాక్ ఆడేది ఆ ఊరి క్లబ్బుకే. నేను బోర్డో క్లబ్బు జలిబేర్ అన్నాను. మాటా మాటా పెరిగి పందెం పులస దాకా వెళ్ళింది.

నియమాలు రెండే. సిక్స్ నేషన్స్‌లో, అంటే ఏటా ఆరు యూరప్ జట్లు ఆడుకునే పోటీలో, ఫ్రాన్స్ ఆడే అయిదు మ్యాచ్‌ల్లో చివరిది మార్చి 15న, స్కాట్లాండ్ మీద. దానికి 10 వేసుకుని మొదట ఎవరు దిగితే వాళ్ళ వైపు గెలుపు. ఓడినవాడు ఆగస్టులో ఎదుర్లంకలో పులస కొనాలి. రెండోది, నోటిమాట చెల్లదు, వాదనంతా కాగితం మీద ఉండాలి. ఈ రెండోది నేనే పెట్టాను. ఎవరు దిగుతారన్నది కోచ్ ఇష్టం. ఎవరు దిగాలన్నది మాత్రం లెక్క తేల్చాలి, నాకు కావలసింది అదీ.

ఈ పుస్తకం మా బావమరిది చేతిలో పడినా అర్థం కావాలి కాబట్టి ఆట గురించి నాలుగు ముక్కలు. జట్టుకి పదిహేను మంది. బంతిని చేత్తో వెనక్కే వెయ్యాలి. ముందుకి పోవాలంటే పట్టుకుని పరిగెత్తాలి, లేదా తన్నాలి. 1 నుంచి 8 నంబర్ల వాళ్ళు భారీ మనుషులు, బంతి కోసం కుమ్ములాట వాళ్ళ పని. ఆ కుమ్ములాట కింద నుంచి బంతి లాగి అందించేవాడు 9. అందుకునేవాడు 10, అదే ఫ్లై-హాఫ్. పక్కవాడికి వెయ్యాలా, తన్నాలా, తనే దూరాలా అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. ఫ్రెంచిలో ఆ స్థానాన్ని 'ఉవ్‌రర్' అంటారట, తెరిచేవాడు అని. ఆ మాట వినగానే నాకు మా కాలవ లస్కరు గుర్తొచ్చాడు. ధవళేశ్వరం నుంచి వచ్చిన నీళ్ళలో ఏ తూము ఎంత లేపాలి, ఏ చేలకి ముందు వదలాలి అని చూసేది అతనే కదా.

జనవరి 30

మొదటి గడి: గోలు తన్నడం.

10 నంబరు అనగానే కళ్ళముందుకొచ్చేది అదే. 2003 ప్రపంచ కప్ ఫైనల్లో ఎక్‌స్ట్రా టైమ్ ఆఖరి నిమిషంలో ఎడమకాలి వాటం జానీ విల్కిన్‌సన్ కుడికాలితో డ్రాప్ గోల్ (బంతిని నేల మీదకి వదిలి, లేస్తుండగా తన్నేది) కొట్టి ఆస్ట్రేలియాని 20-17తో ఓడించాడు. 2019 ఫైనల్లో దక్షిణాఫ్రికా హాండ్రే పోలార్డ్ ఒక్కడే 22 పాయింట్లు కొట్టాడు. న్యూజిలాండ్ డాన్ కార్టర్ 112 అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో 1598 పాయింట్లు పోగేశాడు. ట్రైకి, అంటే బంతిని అవతలి గోలుగీత దాటించి నేలకి ఆనిస్తే, 5 పాయింట్లు, దాని వెనకే వచ్చే కన్వర్షన్‌ తన్నుకి 2, ఎదుటివాళ్ళ తప్పుకి దొరికే పెనాల్టీకి 3, డ్రాప్ గోల్‌కి 3. మొదటి ఐదూ పోతే మిగతావన్నీ కాలి మీదే.

పదికి ఎన్ని పడ్డాయని శాతం వేసి వదిలేస్తే మాత్రం మోసపోతాం. ఇంట్లో కూర్చుని లెక్కవేశాను. స్తంభాల మధ్య 5.6 మీటర్లు. ఎదురుగా 22 మీటర్ల నుంచి చూస్తే ఆ సందు 14.5 డిగ్రీలు. ఎదురుగానే 40 మీటర్లు వెళితే 8 డిగ్రీలు. కన్వర్షన్ ఎక్కడపడితే అక్కడ నుంచి తన్నకూడదు, ట్రై పెట్టిన చోటుకి సూటిగా వెనక్కి వెళ్ళి తన్నాలి. మైదానం వెడల్పు 70 మీటర్లు అనుకుని, ట్రై పక్కగీతకి 5 మీటర్ల దగ్గర పడిందనుకుంటే, ఎంత వెనక్కి వెళ్ళినా సందు 5.4 డిగ్రీలు దాటదు. ఆ మాత్రమైనా దొరికేది 30 మీటర్లు వెనక్కి వచ్చినప్పుడు. ఎదురుగా 49 మీటర్ల నుంచి తంతే 6.5 డిగ్రీలు. అంటే మూల కన్వర్షన్ కన్నా సగం మైదానం దూరం నుంచి ఎదురుగా తన్నేదే వెడల్పు. ఇరుకు ఒకటి, దూరం ఒకటి. రెండూ కలిపి తన్నుళ్ళని మూడు రకాలు చేశాను: వరిచేను, గట్టు, బోదె. వరిచేను తేలిక, బోదె ఇరుకు.

లెక్క బాగానే వచ్చింది. కానీ కాగితం మీద డిగ్రీ కాలికి ఎలా తెలుస్తుందో చూడాలనిపించింది.

జనవరి 31

చిన్న చెరువు అడుగు బీటలు తీసి గట్టిపడింది. రెండు వెదురు బొంగులు 5.6 మీటర్ల ఎడంతో పాతి, 3 మీటర్ల ఎత్తున నైలాన్ తాడు కట్టాం. అన్నయ్య వదిలి వెళ్ళిన బంతి ఉంది. కింద పెట్టడానికి ఇసక కుప్ప.

ఎదురుగా 22 మీటర్ల నుంచి ఇరవై తన్నాను, ఏడు పడ్డాయి. మూల నుంచి ఇరవై, ఒకటి పడింది. ఆ ఒక్కటీ సముద్రం గాలి పుణ్యమే. మోకాలు ఇప్పటికీ లాగుతోంది. ఒక్క సంగతి మాత్రం కాలికి తెలిసింది. మూల నుంచి దగ్గరి స్తంభం దూరపు స్తంభాన్ని మూసేస్తున్నట్టుంటుంది, బంతిని ఆ దగ్గరి స్తంభం బయట నుంచి లోపలికి తిప్పాలనిపిస్తుంది. అలా తిప్పబోయినవన్నీ చెరువు గట్టుకి తగిలాయి.

ఒకటి గట్టు కూడా దాటి, పీతల కంచె మీంచి పక్కాయన చెరువులో పడింది. ఆయన చెరువులో 40 రోజుల రొయ్య ఉంది. నా చెరువు మట్టి అంటుకున్న బంతి ఆయన నీళ్ళలో తేలుతోంది. వైట్ స్పాట్ రోగం భయం ఉన్న మనిషి, ఎందుకూరుకుంటాడు? "ఏవండీ, పిల్లలైతే చెవి మెలేద్దును. మిమ్మల్నేం చెయ్యమంటారు?" అన్నాడు. ఏమీ అనలేకపోయాను, తప్పు నాదే. బంతిని బ్లీచింగ్ నీళ్ళలో ముంచి ఆయన ఎదురుగానే ఎండబెట్టాను. తన్నుడు ప్రయోగం అంతటితో బంద్.

ఫిబ్రవరి 1, తెల్లవారుజాము 4:10

రాత్రి 1:45కి మ్యాచ్ మొదలు. ఫ్రాన్స్, వేల్స్ మీద. షెడ్డులో నేను, కాపలా బాబాయ్, ఒక ఫోను. హాఫ్ టైమ్‌లో వెళ్ళి డీవో చూశాం: 4.6. ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయి.

43-0. ఎన్‌తమాక్ ఆడాడు. చివర్లో అతని భుజం ఎదుటివాడి తలకి తగిలి యెల్లో కార్డు, కాసేపటికి అదే రెడ్డయింది. అంటే వచ్చే మ్యాచ్‌కి లేడు, జలిబేర్‌కి దారి తెరుచుకుంది. నాకు మనసులో సంతోషమే, దాచుకోను.

మ్యాచ్ అయ్యీ అవగానే అన్నయ్య ఫోను.

"తన్నుడు గడిలో మనవాడికి ఎంత వేశావురా?"

"సున్నా."

"అదేం?"

"తన్నలేదు కదా."

అటువైపు నవ్వు ఆగలేదు. ఫ్రాన్స్‌కి గోల్స్ తన్నేది 10 నంబరు కాదు, 15 నంబరు ఫుల్‌బ్యాక్ తోమా రామోస్. ఎన్‌తమాక్ దిగినా తన్నడు, జలిబేర్ దిగినా తన్నడు. నాకిది తెలియదా అంటే తెలుసు. 2023 ప్రపంచ కప్పు నుంచీ చూస్తున్నదే. డిగ్రీలూ, వెదుళ్ళూ, బ్లీచింగూ అయ్యాక గానీ ఆ తెలిసిన సంగతి గడి దగ్గరికి రాలేదు. మూడు రోజుల పని ఒక్క 'సున్నా'తో పోయింది.

కాపలా బాబాయ్ అప్పటిదాకా బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. "బాబుగారూ, అన్నీ తన్నుతున్న ఆ మనిషినే పదిలో పెట్టేస్తే పోలా?" అన్నాడు. "అలా కాదు బాబాయ్, ఆయన పని వేరు" అన్నాను, కాస్త పెద్దరికంగానే.

ఫిబ్రవరి 3

43-0 మ్యాచ్ చూసి ఎన్‌తమాక్ గొప్పవాడనడం, కాలవ నిండా నీళ్ళున్న ఏడాది చూసి లస్కరు గొప్పవాడనడం లాంటిది. తూము ఏది లేపినా చేను తడుస్తుంది.

అందుకని పద్దు మార్చేశాను. 10కి బంతి వచ్చిన ప్రతిసారీ, అతనేం చేశాడో రాసేముందు, ఎలాంటి బంతి వచ్చిందో రాయాలి. కుమ్ములాటలో పడ్డ బంతి మూడు లెక్కపెట్టేలోగా బయటికొస్తే 'పారు'. ఎదుటివాళ్ళు ఇంకా సర్దుకోలేదన్నమాట. మూడు దాటితే 'నిలవ', అవతల గోడ కట్టేసి ఉంటారు. సొంత గీత దగ్గర, మీద పడుతున్నవాళ్ళ మధ్య చిక్కితే 'ఎద్దడి'. ఆ తరవాత ఏం చేశాడు: వేశాడా, తన్నాడా, దూరాడా. చివరి గడి, రెండో కుమ్ములాట అయ్యేసరికి జట్టు ముందుకెళ్ళిందా లేదా.

అందరూ ట్రైలు లెక్కపెడతారు. ట్రై దాకా వెళ్ళేసరికి ఆరుగురి చేతులు పడతాయి, అందులో పదో నంబరు వాటా ఎంతో ఎవరు చెప్పగలరు? రెండో కుమ్ములాట దగ్గర ఆపేస్తే కాస్త నిజం దొరుకుతుంది.

ఫిబ్రవరి 9

నిన్న భీష్మ ఏకాదశి, అంతర్వేది రథం. కాపలా బాబాయ్ కుటుంబంతో తీర్థానికి వెళ్ళాడు. గట్టు మీద నేనొక్కణ్ణే. రాత్రి 10:15కి లండన్ ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద మ్యాచ్. జలిబేర్ 10లో దిగాడు. ఇంగ్లండ్‌కి ఫిన్ స్మిత్, మొదటిసారి మొదటి పదిహేను మందిలో.

ఇంగ్లండ్ 26, ఫ్రాన్స్ 25.

కడుపు మండిపోయింది. ఫ్రాన్స్ ఎన్నిసార్లు బంతి జారవిడిచిందో! ఆంట్వాన్ డ్యూపాన్ అంతటి 9 నంబరే గీత ముందుకొచ్చి బంతి వదిలేశాడు. చివరి అయిదు నిమిషాల్లో ఫ్రాన్స్ 25-19తో ముందుంది. 79వ నిమిషంలో ఎలియట్ డేలీ ట్రై పెట్టాడు, ఫిన్ స్మిత్ కన్వర్షన్ వేశాడు, అయిపోయింది.

అన్నయ్య మెసేజ్: "చూశావుగా నీ జలిబేర్‌ని." ఇక్కడే నా పద్దు పనికొచ్చింది. 'పారు' బంతి వచ్చినప్పుడల్లా జలిబేర్ గోడకి దగ్గరగా పరిగెత్తుకెళ్ళి, ఇద్దర్ని తన మీదకి లాక్కుని, ఆఖరి క్షణంలో బయటికి వేస్తున్నాడు. రెండో కుమ్ములాట గడిలో టిక్కులే టిక్కులు. ఆ తరవాత చేతులు జారాయి. లస్కరు తూము సరిగ్గానే లేపాడు, అవతల చేనుగట్టు తెగితే అతనేం చేస్తాడు?

అయితే ఇంకో సంగతి కూడా గడుల్లో ఉంది, రాయకపోతే అన్యాయం. 'ఎద్దడి' గడిలో జలిబేర్‌కి టిక్కులు తక్కువ. చిక్కులో పడ్డప్పుడు కూడా అతను దారి వెతకబోతాడు. కొన్నిసార్లు బుద్ధిగా బయటికి తన్నేస్తే సరిపోయేది.

డీవో 3.8 దాకా పడింది, రెండో జనరేటర్ వేశాను.

ఫిబ్రవరి 15

ఒక్కడి కంటితో పట్టిన లెక్క ఎంత నమ్మాలి? ట్వికెన్‌హామ్ మ్యాచ్ మొదటి సగాన్ని అన్నయ్యని కూడా ఇవే గడుల్లో నింపమన్నాను, నాది చూపించకుండా. రెండూ పక్కన పెట్టి చూస్తే దాదాపు మూడో వంతు కలవలేదు. ఎక్కువ తేడా 'పారు', 'నిలవ'ల దగ్గరే. అతను బంతి నేల తాకినప్పటి నుంచి లెక్కపెడుతున్నాడు, నేను మనిషి పడినప్పటి నుంచి. ఇకనుంచి మనిషి పడినప్పటి నుంచే అని ఒప్పుకున్నాం. అందుకే అంకెలు ఎక్కడా బయటపెట్టను. మా ఇద్దరి గొడవకి చాలు, ఊరికి చాలవు.

ఇంకో బాధ, మ్యాచ్‌లు తక్కువ. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) చూడాలంటే విసురు వల ఒక్క మూల వేసి ఊరుకోం కదా, మేత పడే చోట పెద్ద రొయ్యే దొరుకుతుంది. నాలుగు మూలలా వెయ్యాలి. అందుకని పాత మ్యాచ్‌లు తీశాం, చెరి రెండు.

అన్నయ్య పెట్టినవి: 2021 నవంబరు 20, న్యూజిలాండ్ మీద ఫ్రాన్స్ 40-25తో గెలిచిన మ్యాచ్. అవతలివాళ్ళు తరుముకొస్తున్న వేళ ఎన్‌తమాక్ తన గోలుగీత వెనక బంతి పట్టుకున్నాడు. ఎవరైనా అక్కడే కింద పెట్టేసి ఊపిరి పీల్చుకుంటారు. ఇతను పరిగెత్తాడు. ముగ్గుర్ని తప్పించుకుని సగం మైదానం దాకా. నా గడుల్లో దీన్ని 'ఎద్దడి' కిందే రాయాలి, అది కూడా బక్కెట్టు నీళ్ళు లేని ఎద్దడి. రెండోది 2023 జూన్ 17, ఫ్రెంచి లీగ్ ఫైనల్. ఓడిపోతున్న టూలూజ్‌ని చివర్లో ఒంటరి పరుగుతో ట్రై పెట్టి 29-26తో గట్టెక్కించింది ఎన్‌తమాకే, లా రొషెల్ మీద.

నేను పెట్టినవి: 2023 సెప్టెంబరు 8, ప్రపంచ కప్ మొదటి మ్యాచ్. న్యూజిలాండ్ మీద 27-13. అంతకు ముందు నెల సాన్-తేతియెన్‌లో స్కాట్లాండ్ మీద ఆడుతూ ఎన్‌తమాక్ మోకాలి లిగమెంటు తెగింది, చొక్కా జలిబేర్‌కి వచ్చింది. ఇంకోటి 2018 ఫిబ్రవరి 3, జలిబేర్ మొట్టమొదటి మ్యాచ్, ఐర్లండ్ మీద. పందొమ్మిదేళ్ళు. అరగంటకే మోకాలు పోయి బయటికెళ్ళాడు. ఆ మ్యాచ్ ఆఖర్న ఐర్లండ్ 41 కుమ్ములాటల దాకా బంతి వదలకుండా నిలుపుకుంటే, 80 నిమిషాలు దాటాక జానీ సెక్స్‌టన్ దూరం నుంచి డ్రాప్ గోల్ కొట్టి 15-13తో గెలిపించాడు. జలిబేర్ కోసం పెట్టిన మ్యాచ్‌లో నేను సెక్స్‌టన్‌నే మళ్ళీ మళ్ళీ చూశాను. 41 సార్లు బంతి చేతులు మారుతుంటే తొందరపడకుండా ఒక్కొక్క అడుగూ వెనక్కి సర్దుకుంటూ చోటు చూసుకోవడం! ఆ గుణానికి నా పద్దులో గడి లేదు.

ఫిబ్రవరి 21

ఇటలీ మ్యాచ్‌కి జట్టు ప్రకటించారు. ఎన్‌తమాక్ లేడు. జలిబేర్ లేడు, అదనపు ఆటగాళ్ళలో కూడా లేడు. 10: తోమా రామోస్.

అన్నయ్యా నేనూ ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

కాపలా బాబాయ్‌కి చెబితే, "ఆయ్, నేనప్పుడే అన్నాను కదండీ" అని మళ్ళీ మేత కలపడంలో పడ్డాడు. మూడు వారాల నుంచి రెండు గడుల పుస్తకం నింపుతున్నవాణ్ణి నేను. జట్టు ఎంచిన కోచ్ ఫాబియన్ గాల్తియే మా బాబాయ్ పార్టీ.

నిజానికి ఇది ఊహకందనిదేమీ కాదు. మొన్న నవంబరులో న్యూజిలాండ్‌ని 30-29తో ఓడించినప్పుడూ 10లో రామోసే. అది ఒక్కసారికే అనుకుని పక్కన పెట్టాను. నచ్చిన ఇద్దర్ని పక్కపక్కన నిలబెట్టి కొలిచేటప్పుడు మూడోవాడు కళ్ళకి కనపడడు.

ఫిబ్రవరి 23, రాత్రి

రోమ్‌లో ఫ్రాన్స్ 73, ఇటలీ 24. రామోస్ గడి తెరిచాను. పారు, పారు, పారు. మళ్ళీ నిండు కాలవే. దీన్ని బట్టి ఏమీ తేల్చను.

ఫిబ్రవరి 27

నిన్న శివరాత్రి. జాగారం ఎలాగూ ఉండాలి కాబట్టి 2023 ప్రపంచ కప్పు చివరి మ్యాచ్‌లు వరసగా చూశాను. శివుడు క్షమించాలి.

తన్నుడు గడి వ్యర్థం కాలేదని నిన్న తెలిసింది. అది ఫ్రాన్స్‌కి పనికిరాని గడి, అంతే. దక్షిణాఫ్రికాకి అదే ప్రాణం. వాళ్ళకి ఇద్దరు పదులు. మానీ లిబ్బాక్ చూడకుండానే అవతల మూలకి బంతి పంపగల మాంత్రికుడు, కానీ గోలు తన్నడంలో నమ్మకం తక్కువ. పోలార్డ్‌లో మంత్రం లేదు, కాలు గడియారం. గాయం వల్ల పోలార్డ్‌ని మొదటి జట్టులో తీసుకోనేలేదు. మాల్కమ్ మార్క్స్ దెబ్బ తగిలి ఇంటికెళితే అతని చోటులో పిలిచారు. మార్క్స్ హుకర్, స్క్రమ్ అనే తోపులాట మధ్యలో ఉండే 2 నంబరు. హుకర్ పోతే ఫ్లై-హాఫ్‌ని తెచ్చుకున్నారంటే ఎంత టెన్షన్‌లో ఉండి ఉంటారో చూడండి. సెమీస్‌లో లిబ్బాక్‌ని అరగంటకే దింపేసి పోలార్డ్‌ని పంపారు. 77వ నిమిషంలో దాదాపు 49 మీటర్ల నుంచి పెనాల్టీ వేసి ఇంగ్లండ్‌ని 16-15తో ఓడించాడు. ఫైనల్లో న్యూజిలాండ్ మీద 12-11, ఆ పన్నెండూ పోలార్డ్‌వే.

ఫ్రాన్స్ కథ కూడా ఆ కప్పులో ఒక్క కన్వర్షన్ మీదే తెగింది. క్వార్టర్స్‌లో దక్షిణాఫ్రికా చేతిలో 28-29. మొదటి సగంలో రామోస్ కన్వర్షన్ తన్నబోతుంటే చెస్లిన్ కోల్బీ గోలుగీత నుంచి పరిగెత్తుకొచ్చి బంతిని అడ్డుకున్నాడు. తన్నేవాడు కదలడం మొదలెట్టగానే అవతలివాళ్ళు అలా రావచ్చు. కానీ అంత వేగంగా ఎవరొస్తారు? 2 పాయింట్లు పోయాయి, ఓడింది 1 పాయింటుతో. ఆ మ్యాచ్‌లో 10 జలిబేర్. అతన్ని తిట్టినవాళ్ళున్నారు. బంతి తన్నింది అతను కాదు, అడ్డుకున్నదీ అతను కాదు.

తెల్లవారుజామున ఇంకోటి కూడా చూశాను, 2011 ఫైనల్. న్యూజిలాండ్‌కి కార్టర్ గాయపడ్డాడు, అతని చోటులోకి వచ్చిన కాలిన్ స్లేడ్ గాయపడ్డాడు, ఫైనల్ మధ్యలో ఏరన్ క్రూడెన్ కూడా. అప్పుడు దిగినవాడు స్టీఫెన్ డొనాల్డ్. కొద్ది రోజుల కిందట జట్టు నుంచి పిలుపొచ్చినప్పుడు అతను వైకాటో నదిలో చిన్నచేపలు పట్టుకుంటున్నాడు. చొక్కా బిగుతై పొట్ట పైకి లేస్తుంటే పెనాల్టీ వేశాడు. ఫ్రాన్స్ మీద 8-7. మా పక్క అలాంటి సీజన్లో వల మీద ఉన్నవాడికి ఫోనొస్తే ఎత్తనే ఎత్తడు.

మార్చి 2

పెద్ద చెరువు పట్టుబడి. కౌంట్ 42. రేటు గురించి రాస్తే రగ్బీ పేజీలు పాడవుతాయి. చిన్న చెరువులో సీడ్ వేసి వారమైంది.

మార్చి 9

నిన్న సాయంత్రం 7:45కి డబ్లిన్ మ్యాచ్. ఎన్‌తమాక్ తిరిగొచ్చాడు.

నా మనసులో ఒక సిద్ధాంతం ఉండేది. రాయలేదు గానీ ఫోన్లో అన్నయ్యకి చాలాసార్లు చెప్పాను: ఎన్‌తమాక్ గొప్పతనంలో సగం డ్యూపాన్‌ది. ఇద్దరూ ఒకే క్లబ్బు, 9 వేసే బంతి 10కి నిద్రలో కూడా తెలుస్తుంది. జలిబేర్‌కి బోర్డోలో అలాంటి జత మాక్సిమ్ లుకూ. కాబట్టి డ్యూపాన్‌ని తీసేస్తే ఎన్‌తమాక్ తేలిపోతాడు అని.

అరగంట అయ్యేసరికి డ్యూపాన్ మోకాలు పట్టుకుని పడిపోయాడు. లిగమెంటు. లుకూ వచ్చాడు. ఇక్కడ ఇంకో తిరకాసు: గాల్తియే అదనపు ఎనిమిది మందిలో ఏడుగుర్ని బరువు మనుషుల్నే పెట్టుకున్నాడు, వెనక వరసకి ఒక్క లుకూయే. ఆ తరవాత సెంటర్ (10 పక్కన బయటివైపు ఉండేవాడు) బరాస్సీ తలకి దెబ్బ తగిలి బయటికెళితే, ఎన్‌తమాక్ పక్కన సెంటర్‌గా ఆస్కార్ జెగూ నిలబడ్డాడు. కుమ్ములాటలో ఉండాల్సిన ఫ్లాంకర్ అతను. అంటే ఎన్‌తమాక్‌కి లోపలివాడూ మారాడు, బయటివాడూ మారాడు. నేను వేల రూపాయలిచ్చినా ఇంత మంచి ప్రయోగం దొరకదు.

ఫ్రాన్స్ 42, ఐర్లండ్ 27.

ఎన్‌తమాక్ కంగారు పడలేదు. 'నిలవ' బంతి వచ్చినప్పుడు దాన్ని నిలవగానే వాడాడు, వెనక ఖాళీ చోటు చూసి తన్ని నడిచాడు. పక్కన ఫ్లాంకర్ ఉన్నాడని అతని వైపు కష్టమైన బంతులు వెయ్యడం మానేశాడు. 'ఎద్దడి' గడిలో టిక్కులు జలిబేర్ కన్నా స్పష్టంగా ఎక్కువ. లుకూతో కలిసి ఆడుతుంటే ఎప్పుడూ కలిసి ఆడేవాళ్ళలాగే ఉంది. నా సిద్ధాంతాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశాను. గీత కింద తేదీ కూడా వేశాను, అన్నయ్య అడిగితే చూపించడానికి.

'పారు' గడిలో మాత్రం జలిబేర్‌దే పైచెయ్యి. అది మారలేదు. పరుగు మీద వచ్చే నీళ్ళకి అతన్ని మించినవాడు నాకు కనపడలేదు. కానీ జాతీయ జట్ల మ్యాచ్‌ల్లో, అందులోనూ పరాయి ఊళ్ళో, పారే బంతి ఎంత దొరుకుతుంది? ఇన్ని రాత్రుల గడులు లెక్కపెడితే, గట్టి జట్ల మీద నిలవా ఎద్దడీ కలిపి సగం కన్నా ఎక్కువ. జాతీయ జట్టుకి మనిషిని ఎంచేటప్పుడు శివారు చేల లస్కరుని ఎంచుతున్నట్టు చూడాలి, కాలవ మొదట్లో లస్కరుని కాదు. ఇది రాస్తుంటే చెయ్యి రావడం లేదు.

మార్చి 16, తెల్లవారుజాము

1:30కి మొదలు. ఎన్‌తమాక్ 10, లుకూ 9, రామోస్ 15. జట్టు పేర్లు వచ్చిన రోజే పందెం పోయింది, అయినా చివరిదాకా చూశాను. ఫ్రాన్స్ 35, స్కాట్లాండ్ 16. సిక్స్ నేషన్స్ ఫ్రాన్స్‌దే. రామోస్ ఫ్రెడెరిక్ మిషలాక్ 436 పాయింట్ల రికార్డు దాటేశాడు. ఫ్రాన్స్ తరఫున ఇప్పుడు అందరికన్నా ఎక్కువ పాయింట్లు అతనివే. కాపలా బాబాయ్ ఈ ముక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు.

హాఫ్ టైమ్‌లో చిన్న చెరువు డీవో 5.1. పిల్ల రొయ్య ఇంకా, ఇబ్బంది లేదు.

నాలుగింటికి అన్నయ్య వీడియో కాల్. వెనక వీధిలో హారన్లు వినిపిస్తున్నాయి. "పులస ఎంత ఉంటుందిరా ఈ ఏడు?" అన్నాడు.

"పుస్తెలమ్మి కొనాలి."

"మరదల్ని అడుగు మరి."

"అడిగాను. అమ్మేది నీ రగ్బీ బంతి అంది."

పేజీలు ఫోటో తీసి పంపాను, ఎర్ర గీతతో సహా. చదివి, "ఓడిపోయి ఇంత రాసేవాణ్ణి నేను చూడలేదు" అన్నాడు. 'ఎద్దడి' గడి గురించి మాత్రం పేచీ పెట్టాడు. రామోస్‌ని 10లో పెట్టినప్పుడు ఫ్రాన్స్‌కి ఎద్దడి రానేలేదు, అతన్ని అసలు కొలవనే లేదు నువ్వు అని. నిజమే. రోమ్ మ్యాచ్ ఒక్కటీ చాలదు. నవంబరులో న్యూజిలాండ్ మీద ఆడిన మ్యాచ్ తీసి మూడో గడి నింపాలి, ఇద్దరం విడివిడిగా.

పెద్ద చెరువు ఎండుతోంది. వెదురు బొంగులు అక్కడ పాతమని ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళు అడుగుతున్నారు. పక్కాయన వైపు వల కట్టాకే అన్నాను. ఈ పుస్తకంలో రెండు పేజీలే మిగిలాయి. పొద్దున మేత కంపెనీ కుర్రాడొస్తే ఇంకో పుస్తకం అడిగాను. "అదేంటండీ, నెల కూడా కాలేదు సీడ్ వేసి, అప్పుడే అయిపోయిందా?" అని రెండిచ్చాడు.